వేళ్లతో సహా పీకిన మొద్దు

హలో… ఆ, నేనే బావా. పెట్టెయ్యకు, ఇవాళ గొడవ నీతో కాదు. మా పక్కింటి జాగ్రత్తగారితో.

ఆయనే. లేస్తే జాగ్రత్త, కూర్చుంటే జాగ్రత్త, పక్కవాడు తుమ్మితే జాగ్రత్త. ఆ జాగ్రత్తగారు నా నేల మీద తాడు లాగించాడు… తాడు బావా, తాడు. సర్వేయరుని పిలిపించి, వీధివైపు మూడడుగులు నాలోకి జరిపి మేకు కొట్టించాడు.

తాగి మాట్లాడ్డం లేదు. పొద్దున్నే పదకొండు.

ముందు నా మాట విను. నాన్న కాగితం మీ ఇంట్లో ఉంది గదా, అక్క బీరువాలో. అందులో కొలతలుంటే చూపించు, లేకపోతే ఈ మేకు దగ్గరే హద్దురాయి పాతేస్తానంటున్నాడు సర్వేయరు. అరగంట టైమిచ్చాడు. అక్కని తియ్యమను.

…ఇప్పుడే కావాలి బావా. వంటయ్యాక కాదు.

మూడడుగులే గదా అంటావా. లెక్కల మాస్టారివి, నువ్వే చెప్పు. ఇంటిగోడకీ హద్దుకీ మధ్య దారి ఆరడుగులు. అందులోంచే నా తోపుడుబండి పెరట్లోకి పోవాలి. కలప అడితి మూసేసి మమ్మల్ని ఇంటికి పంపించాక, పెరట్లో రంపం మిషను పెట్టుకుని బతుకుదామనే గదా నా ఏడుపు. మూడడుగుల సందులోంచి దుంగలు ఎలా పోతాయి… నెత్తిన పెట్టుకునా. నీ నెత్తి అరువిస్తావా, ఖాళీగానే ఉంటుంది గదా.

సరే, సరే. అనలేదు. వెతకమను.

…తాళం దొరకలేదా. ఊఁ. వెతకనీ, ఉంటాను లైన్లో.

ఆ చెట్టే. హద్దు మీద ఎండిన చెట్టే. అవతల ఆయనది, ఇవతల మాది, నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అంతే. అది చచ్చి ఏడాదైంది, కొమ్మలు దారి మీద రాలుతున్నాయి. ఎవడి బుర్రయినా పగిలితే కేసు నాకేగా. కొట్టాను.

మనిషిని పెట్టుకోవాల్సిందా? ముప్పయ్యేళ్లు అడితిలో రంపం పట్టినవాడు చెట్టు కొట్టడానికి మనిషిని పెట్టుకోవాలా. నువ్వు రెండు రెళ్లు నాలుగని చెప్పడానికి ట్యూషను మాస్టార్ని పెట్టుకుంటావా.

ఒక్క గీత పడలేదు బావా, నా ఒంటి మీద గానీ గోడ మీద గానీ. ఎండుచెట్టు పచ్చిచెట్టులా కాదు, మనకి చెప్పి పడదు. ముందు సుత్తితో చుట్టూ తట్టి చూశాను, లోపల ఎంత డొల్లో. నెత్తికి టోపీ పెట్టాను. పై కొమ్మలు ముందు దించాను. చెట్టెంత ఎత్తో దానికి రెండింతల దూరం వరకూ పిల్లిని కూడా ఉండనివ్వలేదు. పడాల్సిన వైపు మొదట్లో నోరులా గాటు పెట్టి, వెనకవైపు అంతకంటే కాస్త పైన కోసి, మధ్యలో రెండు వేళ్ల మందం వదిలాను. తలుపు బందుమీద తిరిగినట్టు తిరిగి, గీత గీసినచోట పడుకుంది. నువ్వూ చూశావు గదా…

తాడు పట్టుకున్నావా. పట్టుకున్నావులే. ఆ తాడు రెండో కొస స్తంభానికి కట్టాను కాబట్టి సరిపోయింది. నువ్వు పట్టుకున్న కొస ఫొటోకి.

తాళం దొరికిందా? …దిండు కింద. అక్క ఎప్పుడూ అంతే. తియ్యమను.

మొద్దా. అక్కడే వచ్చింది తంటా. మొద్దు వదిలేద్దామనే అనుకున్నాను నేను, నేలకి సమంగా కోసి. ఈ జాగ్రత్తగారు గోడవతల నుంచి, "చెదలు పడతాయండీ, మీ ఇంటి తలుపులకి పాకుతాయండీ, వేళ్లతో సహా తీసెయ్యండీ" అని మొదలుపెట్టాడు. గునపం ఆయనే ఇచ్చాడు. నాలుగు రోజులూ మంచినీళ్లు ఆయనే అందించాడు. కన్నతండ్రి కూడా అన్ని నీళ్లివ్వలేదు బావా నాకు.

ఊపడానికి పట్టుండాలని మొద్దు నడుమెత్తు వదిలి, చుట్టూ తవ్వి, వేరు దొరికినప్పుడల్లా గొడ్డలితో తెంచుకుంటూ పోయాను. చుట్టూ అంటే… అక్కడే నా కొంప మునిగింది. ఆయన వైపు గునపం వేసినప్పుడల్లా "జాగ్రత్తండీ, మా నీళ్ల పైపుందండీ" అనేవాడు. పోనీలే, పరాయి పైపు పగలగొట్టడమెందుకని, అటువైపు వేళ్లు అంచున కోసి వదిలేశాను. తవ్వకమంతా నావైపే. ఇటు ఆరడుగుల వెడల్పు గొయ్యి, అటు జానెడు కూడా లేదు. మొద్దు పీకాను. మట్టి పోసి తొక్కి చదును చేశాను. నీళ్లు చల్లి మళ్లీ తొక్కాను. ఆయన కూడా వచ్చి తొక్కాడు బావా, చెప్పులు విప్పి మరీ.

ఇప్పుడు సర్వేయరొచ్చి చెట్టెక్కడుండేదని అడిగితే, ఆయన మెత్తటి మట్టి చూపించాడు. "ఇదిగోండి గొయ్యి. గొయ్యి మధ్యలోనే గదండీ చెట్టుండేది." టేపు పెట్టారు. గొయ్యి ఈ చివర్నుంచి ఆ చివరికి కొలిచి, సగంలో మేకు కొట్టారు. ఆ సగం నాలోకి మూడడుగులు.

చెప్పాను. చెప్పకుండా ఉంటానా. మొద్దు గొయ్యి మధ్యలో లేదు, అంచున ఉందని నెత్తీనోరూ కొట్టుకున్నాను. సర్వేయరు ఏమన్నాడో తెలుసా… చెట్టు అంచున ఉంటే మధ్యలో ఎందుకు తవ్వారండీ అన్నాడు. చదువుకున్నవాడు, మీ జాతి.

…దొరికిందా. ఊఁ. చదువు. మెల్లగా, నాకర్థమయ్యేటట్టు. ఐదో తరగతితో ఆపేసినవాణ్ణి.

"వెనక మూలరాయి నుండి…" ఆ.

"…వీధివైపు చెట్టు మొదలు నడిమధ్య వరకు…" ఆ, తర్వాత?

తర్వాత చదువు బావా.

అంతేనా.

అడుగులు రాయలేదా. గోడ నుంచి ఎంత, వీధి నుంచి ఎంత, ఏమీ లేదా. వెనక పేజీ చూడు.

…సంతకాలు. మా నాన్నదీ, వాళ్ల నాన్నదీ. బాగుంది. ఇద్దరూ కూర్చుని, చెట్టెక్కడికి పోతుందిలే అనుకుని ఉంటారు. పోయింది. నేనే పంపించాను, వేళ్లతో సహా.

నవ్వకు.

సరే, ఇంకో దారుంది. ఫొటోలు. ఆ రోజు నువ్వు తెగ తీశావు గదా ఫోనులో. చెట్టు పడ్డాక మొద్దు అలాగే నిలబడుంది. ఇంటిగోడ కూడా పడితే, గోడకీ మొద్దుకీ మధ్య ఎంతుందో సర్వేయరుకి కళ్లకి కట్టొచ్చు. తీసి చూడు. నేనుంటాను.

…అది కాదు, అది నువ్వు.

అదీ నువ్వే.

నల్లకళ్లద్దాలతోనా. చెట్టు నువ్వే కొట్టినట్టు కాలు పైన పెట్టి… ఊఁ. దాంట్లో మొద్దేదీ?

నీ వెనకాలా.

మరి కాస్త పక్కకి కనబడదా… కనబడదు. ఎందుకు కనబడుతుంది. అక్క వండి పెట్టినదంతా అడ్డం నిలబడి ఉంటే, మొద్దేం ఖర్మ, ఇల్లు కూడా కనబడదు. పన్నెండు ఫొటోలూ అంతేనా? …పదమూడోది అక్కకి పంపించిందా. అందులో? …ముఖం ఒక్కటే. సరిపోయింది.

ఆగు, వీళ్లేదో అంటున్నారు…

వస్తున్నానండీ, ఇంటికి మాట్లాడుతున్నాను. ఒక్క నిమిషం.

…సర్వేయరు. ఎక్కడ కూర్చున్నాడో తెలుసా. నా మొద్దు మీద. జాగ్రత్తగారు దాన్ని నున్నగా చెక్కించి వసారాలో పీటలా వేసుకున్నాడు. నేనే ఇచ్చాను, పారెయ్యడమెందుకని. హద్దు మీద కూర్చుని టీ తాగుతూ హద్దెక్కడుందని నన్నడుగుతున్నాడు.

ఆ… మంచి మాటన్నావు. నేనూ అదే అన్నాను. ఆయన వైపు వేళ్లు అంచున కోసి వదిలేశాను గదా, అవి ఇంకా భూమిలోనే ఉంటాయి. అక్కడ జానెడు తవ్వితే కోసిన మొనలు కనబడతాయి, మొద్దెక్కడుందో తేలిపోతుంది. సర్వేయరు సరే అని లేచాడు కూడా.

లేచి ఏముంది. శుక్రవారం నేను మట్టి పోశానా, శనివారం ఆయన తన వైపు ఆ మేరకి సిమెంటు పోయించాడు. స్కూటరు పెట్టుకోడానికట. ఆయనకి స్కూటరు లేదు బావా.

పగలగొట్టాలంటే ఆయన ఒప్పుకోవాలి. అడిగితే "జాగ్రత్తండీ, కింద పైపుంది" అన్నాడు.

ఇంకోటి చెబుతాను. సర్వేయరు చేతిలో ఈయన పెట్టుకున్న అర్జీ ఉంది. కొలవమని. తారీకులు చదవడం నాకూ వచ్చు. నెల కిందటిది, చెట్టు కొట్టకముందుది. అంటే చెట్టు పోయాక తట్టిన ఆలోచన కాదు. అర్జీ పెట్టి, ఆ తర్వాత వచ్చి, నా తలుపులకి చెదలు పడతాయని బాధపడ్డాడు.

…ఏం చెయ్యాలో నువ్వు చెప్పు. నువ్వు రా. ఇరవై నిమిషాల దారి. ఆ రోజు ఇక్కడున్నది నువ్వొక్కడివే. చెట్టు ఇక్కడుండేది, నా కళ్లతో చూశానని ఒక్క మాట చెప్పు. మాస్టారి మాటకి విలువుంటుంది. నాలాంటి రంపం కూలీ మాటకి కాదు.

…స్కూలుకి సెలవు గదా ఇవాళ.

కడుపులో బాగోలేదా. ఇందాక వంట వంట అన్నప్పుడు బాగానే ఉందిగా.

పక్కింటివాళ్లతో తగువెందుకని… ఎవరి పక్కింటివాళ్లు బావా? నీ పక్కింటివాళ్లా?

ఆహా. ఆయన మనవడు నీ క్లాసులోనా. నీకెప్పుడు తెలిసింది… చెట్టు కొట్టినరోజే పరిచయమైందా. గోడ దగ్గర అంతసేపు నువ్వు మాట్లాడింది అదా. నేను నోట్లో దుమ్ము కొట్టుకుంటూ రంపం లాగుతుంటే.

ఉన్న ఒక్క కాగితమూ మీ బీరువాలో ఉంటే, అందులో ఏముందో తెలిసినట్టు ఆయనకింత ధీమా ఎక్కడిదా అని నేనూ పొద్దున్నించీ బుర్ర గోక్కుంటున్నాను బావా.

…ఎందుకు ఉలిక్కిపడతావు. నేనేమీ అనలేదే.

మాటల సందర్భంలో వచ్చిందా. కొలతలు లేవు, చెట్టే హద్దు అని. మాటల సందర్భంలో. ఊఁ.

కోర్టా. వెళతాను. నేను పోయేలోపు తీర్పొస్తే నీకే ఫోన్ చేస్తాను.

అక్కకి ఇవ్వకు, నాకేం మాట్లాడాలని లేదు. ఆవిడకి తెలియదు, ఆవిడని అడగను.

…రాయి దించుతున్నారు. నేను సంతకం పెట్టకపోయినా పాతొచ్చట, "హాజరు, నిరాకరణ" అని రాసుకుంటారట. రాసుకోమన్నాను.

ఉండు. రాకపోతే రాకపోయావు, పోయిన నేలెంతో ఒక్క లెక్క చెప్పి పుణ్యం కట్టుకో. వెనక మూలరాయి దగ్గర తేడా లేదు, సున్నా. వీధివైపు మూడడుగులు. పొడవు అరవై.

…సగం చెయ్యాలా. ఎందుకు… ఆ, మూలకి సన్నబడుతుంది గదా. చెయ్యి.

తొంభై చదరపడుగులు. గజాల్లో చెప్పు.

…తొమ్మిదితో భాగించి. ఆ.

సరిగ్గానా? పైన ఏమీ మిగల్లేదా.

సరే బావా, ఉంటాను. పది గజాలు.