తలుపుకీ లిఫ్టుకీ ఏం చుట్టరికం?

తలుపులకీ లిఫ్టులకీ ప్రోగ్రాంలు రాసే తమ చిన్న కంపెనీలోని నమూనా గదిలో వదినా మరిదీ ఇరుక్కుపోయారు. పరీక్ష కోసం మోగించిన అగ్నిప్రమాదం గంట ఆగింది కానీ, తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"నెట్టకు. నెడితే వచ్చే తలుపు కాదది."

"గంట ఆగిపోయిందిగా వదినా! ఇంకా ఎందుకు రాదు?"

"మంటలొస్తే తెరుచుకోవాల్సిన తలుపు మూసుకుని తాళం వేసుకుంది. ఎందుకో ప్రోగ్రాం రాసినవాడివి నువ్వే చెప్పాలి. ఆ లాప్‌టాప్ ఇటియ్యి."

"నేను చూస్తాలే."

"ఇయ్యమన్నానా! తలుపు ఎలా నడవాలో రాసిన క్లాస్ ఎక్కడ… ఇదిగో. ఇదేంటి?"

"ఏది?"

"తలుపుని తీసుకెళ్ళి లిఫ్టు కింద పెట్టావేంటి? లిఫ్టుకి పిల్ల క్లాసా ఇది?"

"అంటే… అలారం మోగగానే కాపలా గదికి కబురు పంపే మెథడ్, ఆ కోడ్ ముక్క, లిఫ్టులో ఉంది కదా. తలుపుకీ అదే కావాలి. మళ్ళీ రాయడం ఎందుకని…"

"అందుకని బోడిగుండుకీ మోకాలికీ ముడేశావు."

"రెండూ తెరుచుకునేవే కదా!"

"సూట్‌కేసూ తెరుచుకుంటుంది. దాన్నీ లిఫ్టు కూతుర్ని చెయ్యి."

"వెటకారం తర్వాత. ఎంతసేపు పడుతుంది?"

"ముందిది చెప్పు. అలారం మోగితే లిఫ్టు ఏం చేస్తుంది?"

"కిందికొచ్చి, జనం దిగాక మూసుకుని తాళం వేసుకుంటుంది. ఇంకెవరూ ఎక్కకుండా."

"మరి మన తలుపేం చేసింది?"

"…తాళం వేసుకుంది."

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? నీకు కావాల్సింది కబురు పంపడం ఒక్కటే. లిఫ్టు బుద్ధులన్నీ దాంతోపాటు దిగాయి."

"సరే, అర్థమైంది. ఆ మెథడ్‌ని కాపీ కొట్టి తలుపులో పడేయ్. రెండు నిమిషాల పని."

"పడేస్తాం. రేపు కాపలా గది నంబరు మారుతుంది. లిఫ్టులో మారుస్తావ్, తలుపులో మర్చిపోతావ్. కిందటిసారి సైరన్ల విషయంలో జరిగింది అదేగా?"

"అబ్బా, ఆ పాత పాట ఇప్పుడెందుకు!"

"నేను ఊరెళ్ళేముందు చెప్పానా లేదా? కబురు పంపే మెథడ్‌ని విడిగా ఒక మాడ్యూల్‌లో పెట్టు, కావాల్సిన క్లాసులు దాన్ని కలుపుకుంటాయి, ఎవరూ ఎవరికీ పిల్ల కానక్కర్లేదు అని?"

"చెప్పావ్."

"మరి?"

"చెప్పావన్నాగా! ఇప్పుడు చెయ్ వదినా. తొందరగా."

"తొందరేంటి నీకు? గాలి ఆడుతోంది, కుర్చీలున్నాయి. కొంపలేం మునగట్లేదుగా?"

"టైమెంతయింది?"

"నీ చేతికున్న వాచీ అలంకారమా? కాలు ఊపకు, బల్ల కదులుతోంది… ఊఁ, ఇదీ మాడ్యూలు. దీన్లో కబురు తప్ప ఇంకేం లేదు. లిఫ్టుకీ కలిపా, తలుపుకీ కలిపా. తలుపు లిఫ్టు కిందనుంచి బయటికొచ్చింది. ఇక పరీక్షించాలి."

"పరీక్షలొద్దు, పంపేయ్."

"పరీక్షించకే కదా ఇక్కడ బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాం! మోగిస్తున్నా, చెవులు మూసుకో."

"తెరుచుకుంది! వదినా, తెరుచుకుంది!"

"పద మరి. ఏం, లేవవేం? ఇందాకటిదాకా దాన్ని బద్దలు కొట్టేలా ఉన్నావ్."

"ముందు ఈ మార్పు పంపేయ్."

"ఎక్కడికి? ఉన్నది ఈ ఒక్క తలుపేగా."

"ముందు పంపేయ్ వదినా, చెప్తా."

"నిన్నే. ఇంకెక్కడుంది ఇది?"

"నువ్వేమో ఊళ్ళో లేవు. వాళ్ళేమో రోజూ ప్రాణం తీస్తున్నారు…"

"ఎవరు వాళ్ళు?"

"పిల్లల ఆస్పత్రి. వార్డుల తలుపులన్నిటికీ ఈ ప్రోగ్రాం నిన్ననే ఎక్కించారు. ఈ పూట అలారం పరీక్ష ఉందన్నారు. ఆపమని అడగడానికి నాకు నోరు రాలేదు వదినా."

"నంబరు చెప్పు. చెప్పు! …హలో, ఆస్పత్రాండీ? అలారం పరీక్ష మొదలెట్టారా? …హమ్మయ్య. మొదలెట్టకండి. మేమొచ్చేదాకా వార్డుల తలుపులు బార్లా తీసి, కుర్చీలు అడ్డం పెట్టండి, ఒక్కటి కూడా మూసుకోకూడదు… అవునండీ, తప్పుంది… ఎవరు రాశారా?"

"నా పేరు చెప్పెయ్ వదినా."

"నువ్వుండు. …మా ఇంట్లోవాళ్ళమే రాశామండీ."