మిట్టకాడ ఆగే పాట

ధనుర్మాసం ముగిసిన మరునాడు, తిరుపతిలో వీధి భజన నడిపే వరదమ్మను పూలకొట్టు దిల్షాద్ బీ ఆపింది.

"అక్కా, నెలంతా తెల్లారుజామున కొట్లో నుంచే మీ భజన విన్నాను. నీ గొంతు ఈ ఏడు ఇంకా బాగుండాది."

"నా గొంతా? గుండె ఆపరేషనని నెల ముందే చెన్నైకి పోయి నిన్ననే వచ్చినాను. భజన పిల్లోళ్లే నడిపినారు."

"లేదక్కా. మిట్టకాడ పాట మధ్యలో ఆగి, మళ్లీ అందుకునేది నువ్వే కదా?"

"ఆడ ఆగినారా?"

"రోజూ. పాటే అట్ల కదా?"

"పాటలో యాడుండాది? మిట్ట ఎక్కేటప్పుడు ఆయాసమొచ్చి నేను ఆగేదాన్ని. సిగ్గయి ఎవురికీ చెప్పలేదు."

"మరి వాళ్లెందుకు ఆగినారు?"

"అదే అర్థం కాలేదు. పదేళ్ల పాపలు గూడా ఆగినారా?"

"అందరూ ఒక్కసారే ఆగినారక్కా. నువ్వు ఊపిరి తీసుకునేంత సేపు."