చంద్రుడి మీద వదిలేసిన పిల్ల

"తాతయ్యా, ఆ పుస్తకం ఆఖర్న ఆ పిల్లని చంద్రుడి మీద ఎందుకు వదిలేశావు?"

అడిగావా? అడిగావులే. గాలి లేనిచోట మాట ఎట్టా వినపడిందండీ అని అడిగినోళ్లున్నారు గానీ, ఇది ఒక్కళ్లూ అడగలా. ఉండు, ఆ ఫోను ఇట్టా దగ్గరకి పెట్టు. మీ నాయనమ్మని గూడా రమ్మను, నలుగురు ఎదురుగా ఉంటేగానీ నాకు నోరు రాదు. గుడికి పోయిందా? సరే. కోటయ్య సామీ, నీదే భారం.

వెండితెర నవలంటే నీకు తెలవదు గదా సౌజన్యా. ఆ రోజుల్లో ఒక పిక్చరు వస్తా ఉందంటే, దాని కథంతా నవలగా రాయించి, పైన హీరో బొమ్మేసి బస్టాండుల్లో అమ్మేవాళ్లు. అయ్యి రాసేవాణ్ణి నేను. సైన్సు మేష్టర్ని గదా, రాకెట్లు, ఎగిరే పళ్లేలు, మరమనుషులు ఉన్నవన్నీ బెజవాడ పబ్లిషరు నాకే తోసేవాడు. పదకొండు రాశా. కాదు, పన్నెండు. ఒకటి వేరేవాళ్ల పేరు మీద పోయింది. నా పేరయినా ఎక్కడేసేవాళ్లనుకున్నావ్? లోపల, ప్రెస్సు అడ్రసు కింద, చీమ తలకాయంత.

చంద్రుడి మీద నేల ఎట్టా ఉండిద్దో నాకేం తెలుసు? పిడుగురాళ్ల సున్నం బట్టీల కాడికి పోయి నిలబడ్డా. తెల్లగా, గడ్డి పరక లేకండా, అడుగేస్తే దుమ్ము మోకాలి దాకా లేచిద్ది. అదే రాశా. చదివినోళ్లు అబ్బో అన్నారు.

అసలు ఈ విద్య నాకు అబ్బింది మా చెల్లెలు రత్తమ్మ వల్ల. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయినయ్ దానికి. అప్పుడు మాది గురజాల పక్కన పల్లె. నేను మాచర్ల పోయి మ్యాట్నీ చూసేవాణ్ణి. నేల టిక్కెట్టు ముప్పావలా, ఇసక మీద కూర్చోటమే, బీడీ పొగకి కళ్లు మండేయి... ఏంది చెప్తున్నా? ఆఁ, ఇంటికొచ్చి దానికి పిక్చరంతా చెప్పాల. ఒక్క సీను ఎగ్గొట్టానా, పట్టేసేది. "అన్నాయ్, ఇందాక దాని చేతిలో ఉత్తరం ఉందన్నావే, అదేమయింది?" అనేది. చుట్టుపక్కల ఆడోళ్లు గూడా చేరేవాళ్లు. నేను విలన్ నవ్వు నవ్వితే చంటిపిల్లలు గుక్కపట్టేవాళ్లు. "ఆ వేషానికి నిన్నే తీసుకోవాల్సింది, మొహం గూడా సరిపోయిద్ది" అనేది మా రత్తమ్మ.

నాకు ఉద్యోగమొచ్చి నరసరావుపేటకి కాపరం మారాక అదీ నాతోనే వచ్చింది. నవల్లు రాస్తుంటే సాపు ప్రతి రాసేది అదే. నా రాత కోడి గీకినట్టుండిద్ది, దానిది ముత్యాలు. పైన ఓంకారం చుట్టి మొదలుపెట్టేది. ఆఖర్న సమాప్తం అని రాసి, చుట్టూ మల్లెతీగ గీసేది. ప్రెస్సులో అచ్చు పేర్చే ఆయన, "అమ్మాయి రాసిందయితేనే పంపండి మేష్టారూ" అనేవాడు.

ఇంక ఆ పన్నెండోది, నువ్వు సత్తెనపల్లిలో పాత కాయితాల కొట్లో పట్టుకొచ్చావే, అది. పిక్చరు తీస్తా ఉండగానే స్క్రిప్టు పంపేవాళ్లు. షరతు ఒకటే. పిక్చర్లో చచ్చినోడు నవల్లో బతకగూడదు, బతికినోడు చావగూడదు. ఇందులో నలుగురు చంద్రుడి మీదకి పోతారు. బండరాయి పడి ఆ పిల్ల కాళ్లు నుజ్జవుతయ్. గాలి అయిపోతా ఉంది, మిగతా ముగ్గురూ ఎక్కి వెళ్లిపోతారు. చదివావు గదా.

రత్తమ్మ కలం కింద పెట్టేసింది. "ఈ పేజీ నేను రాయను."

"ఏందే, ఎల్లుండికి పంపాల!"

"ఇంకో రాకెట్టుని పంపరాదా అన్నాయ్? ఏనుగు అరిస్తేనే దేవుడు ఉన్నపళాన పరిగెత్తుకొచ్చాడు. నీ కలానికి అంత బరువా?"

"పిక్చర్లో లేదే తల్లీ."

"పిక్చరు నువ్వు చూశావా?"

చూడలా. అందుకే నాకు కోపమొచ్చింది. "నడిచి ఎక్కలేనిదాన్ని ఎవడు మోసుకుపోతాడే?" అన్నా.

అన్నాక గానీ తెలియలా, ఎవరితో అన్నానో.

ఏడవలా అది. "ఇటియ్యి" అంది. రాసి, సిరా ఆరబెట్టి, చేతికిచ్చింది. నేను చూసుకోకండానే కవర్లో పెట్టి పంపేశా.

పుస్తకం వచ్చింది. పిక్చరు రాలా. సగంలోనే ఆగిపోయిందంట. ఆ ఆఖరి సీను అసలు తియ్యనే లేదంట. లేని పిక్చరుకి కట్టుబడి అంత మాటన్నాను, చూడు.

రత్తమ్మ ఇంకో మూడేళ్లు బతికింది. మ్యాట్నీ చూసొచ్చి, గుమ్మంలో కావాలని చెప్పులు టపటపలాడించేవాణ్ణి, ఏం పిక్చరన్నాయ్ అని అడిగిద్దేమోనని. "అన్నం తిను" అనేది. అంతే. నేను రోజూ సామి పటం ముందు చెంపలేసుకునేవాణ్ణి. దాని ముందు ఒక్కసారీ వేసుకోలా. నవల్లూ ఇంక రాయలా.

అది పోయాక, ప్రెస్సు మూసేస్తా పాత కాయితాలు తిరిగి పంపారు. ఆ సాపు ప్రతి కనపడింది. ఆఖరి పేజీలో ఆ పిల్ల రాయికి ఆనుకుని పైకి చూస్తా ఉంది. ముత్యాల్లాంటి రాత. కింద సమాప్తం లేదు. మల్లెతీగ లేదు. ఉత్త తెల్ల కాయితం. నువ్వు చూసిన సమాప్తం ప్రెస్సు వాళ్లు కలుపుకున్నదే. అదుగో, ఆ పేజీ సామి పటం ఎనకే ఉంది.

ఏందీ? నలుగురూ వినేటట్టు ఈ పుస్తకం ఫోన్లో చదివి పెట్టేటప్పుడు ఆఖరు మార్చి, ఆ పిల్లని ఇంటికి తెద్దామా? నిజమే, ఇప్పుడు అడ్డం చెప్పేవాళ్లెవరున్నారు? నేనూ చానాసార్లు కూర్చున్నా తల్లీ. రాకెట్టు దిగిద్ది. తలుపు తెరుచుకుంటది. నేనే దిగుతా. ఆ పిల్ల నా వంక చూసి "అన్నం తిను" అంటది. ఆడ ఆగిపోయిద్ది కలం.

ఉన్నదున్నట్టే చదువు. ఆఖర్న ఆ సమాప్తం ఒక్కటీ చదవబాకు. మా రత్తమ్మ రాయలా అది. ఆ పిల్ల పైకి చూస్తా ఉందే, అక్కడ ఆగిపో.

కోటయ్య సామి నిన్ను చల్లగా చూడాల తల్లీ. నీ నోట ఎవరితోనూ అట్టాంటి మాట రాకండా చూడాల. వచ్చినా... వచ్చినా, ఆ పూటే పోయి వాళ్ల ముందు...