కంకర దారిలో లిబూషె పువ్వు

అయ్యో ఆగాగు ఇవెతా, ఆ పేడ ఎరువు అక్కడ పొయ్యకు తల్లీ! రాళ్లూ కంకరా కనిపిస్తే చెత్తకుప్ప అనుకున్నావా ఏమిటి? అది రాతితోట. ఎరువు తగిలిందంటే ఆ మొక్కలు ఆకులేసి బాగా బలిసి, తర్వాత వానకి కుళ్లి ఊరుకుంటాయి. కొండ గసగసాలమ్మా అవి. రొట్టెల్లో కూరేవి కావు, నవ్వకు. మా బొహుష్ కూడా పెళ్లైన కొత్తలో, ‘వీటితో ఎన్ని రొట్టెలవుతాయే’ అని అడిగిన మనిషే. మంచు కింద ఎన్నాళ్లైనా హాయిగా పడుకుంటాయి, చలికాలం తడి మాత్రం ఒప్పవు. మా పక్కనే నువ్వు కొన్న ఈ తోట అసలు ఒటకర్ గారిది. తర్వాత ఎవరెవరో వచ్చారు, పోయారు, వాళ్లంతా టమాటాల జనం. కూర్చోమంటావా? నాకు కూర్చోబుద్ధి కాదే. ఆ మబ్బు చూడు, కొండ దిగి ఎలా వస్తోందో. బట్టలు ఆరేసొచ్చాను కూడాను.

ఎక్కడున్నాను? ఆఁ, ఒటకర్. చెప్పుల ఫ్యాక్టరీలో చెక్క అచ్చులు చెక్కేవాడు. మా రాతితోటల సంఘంలో ఆయన మాటకి తిరుగులేదు. నోరు మాత్రం, అబ్బో! ఎవరి రాళ్లు చూసినా ‘ఇది తోటా, గోడ కూలిందా’ అనేవాడు. భార్య లిబూషె పూర్తిగా వేరు, నవ్వితే ఈ వరసలో తోటలన్నిటికీ వినబడేది. ఓ ఏడు ఇద్దరూ టాట్రా కొండలెక్కారు. అక్కడ పువ్వు కొయ్యకూడదు, కాయ కొయ్యకూడదు, కావలివాళ్లుంటారు. ఈవిడ ఈ గసగసాల ఎండుకాయ ఒక్కటి తలగుడ్డ ముడిలో పెట్టుకుని, కావలివాడికి ‘శుభదినం బాబూ’ అని చెప్పి మరీ దిగొచ్చింది. ఆ గింజలు రాళ్ల సందుల్లో చల్లింది. చల్లిన ఆ చలికాలమే జబ్బు చేసి పోయింది. పువ్వు చూడలేదు. వేసవిలో పూశాయి. తెల్లగా, అప్పుడే పొట్లం విప్పిన కాగితంలా ముడతలు ముడతలుగా. ఒటకర్ వాటి ముందు ముక్కాలిపీట వేసుక్కూర్చుని, ‘వచ్చిందమ్మా యార్మిలా, లిబూషె వచ్చింది’ అన్నాడు. నేను ఇంట్లోకెళ్లి కాఫీ తెచ్చాను.

ఇక్కడే వచ్చింది తంటా. మా సంఘంలో ఆకురాలు కాలం చివర్న అందరం బీరు హోటల్లో చేరి, ఎవరి గింజలు వాళ్లు అగ్గిపెట్టెల్లో తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్లం. ఎవరికి కావాల్సింది వాళ్లు పట్టుకుపోవడమే. నీ దగ్గర చచ్చినా నా దగ్గరుంటుంది, నా దగ్గర పోతే రేపు నిన్నడిగి తెచ్చుకుంటాను, అదీ లెక్క. ఒటకర్ అన్నీ తెచ్చాడు, ఆ తెల్లవి తప్ప. ‘ఏం ఒటకరూ, పీనాసితనం ఎప్పట్నించీ?’ అన్నారు ఎవరో. అంతే, బల్ల గుద్ది, ‘నా పెళ్లాన్ని పంచమంటారా?’ అని అరిచాడు.

అప్పట్నించి ఆయనకో భయం పట్టుకుంది. గాలి పట్టుకుపోతుందేమో, ఎవడైనా కోసుకుపోతాడేమో అని. కాయ పచ్చిగా ఉండగానే కత్తెరతో కత్తిరించి కిటికీలో ఆరబెట్టేవాడు. పచ్చికాయలో గింజ ముదురుతుందా, నువ్వే చెప్పు! చల్లాడు, మొలవలేదు. మళ్లీ చల్లాడు, మళ్లీ లేదు. ఈ మొక్క బతికేదే రెండు మూడేళ్లు. గింజ రాలితేనే దాని వంశం నిలిచేది. ఊరందరికీ ఈ పాఠం చెప్పిన మనిషే! ఒక తడి చలికాలం వచ్చింది, పైన అద్దాలు కప్పినా లాభం లేకపోయింది, అన్నీ పోయాయి. ఇక ఆయన ఆ తోటలో తిరగడం నేను చూడలేకపోయేదాన్ని. ఈ చివర్నించి ఆ చివరికి, ఆ చివర్నించి ఈ చివరికి.

తర్వాతి వేసవిలో నా కంకర దారి మధ్యలో తెల్లగా ఏదో కనిపించింది. వంగి చూద్దును కదా, అవే! కత్తెరకి దొరక్కుండా ఏదో కాయ తప్పించుకుంది, గాలి ఇటు తోసింది. నేను నోరు తెరిచేలోపే కంచె అవతల్నించి ‘దొంగా!’ అని ఒక్క కేక. నాకు మండిపోయింది. ‘ఎవరయ్యా దొంగ? గాలిని పట్టుకుని అడుగు!’ అన్నాను. పార పట్టుకుని నా గేటు తోసుకుని వచ్చేశాడు. ‘తవ్వుకుపోతాను, అది నాది’ అంటాడు. దారికి అడ్డం నిలబడ్డాను. ‘ఒటకర్ అన్నయ్యా, దాని వేరు సూటిగా లోతుకు దిగుతుంది, కదిపితే చస్తుందని మాకు చెప్పిందెవరు? చంపుకుంటానంటే తవ్వు’ అన్నాను. పార పైకెత్తినవాడు అలాగే ఉండిపోయాడు. నాక్కోపం పోయి ఏడుపొచ్చింది.

మా బొహుష్ కొట్లోంచి పలుగు తెచ్చాడు, కంచె గుంజలు పీకడం మొదలెట్టాడు. ‘ఏం చేస్తున్నావయ్యా?’ అంటే, ‘మొక్క కదలదన్నారుగా, కంచె కదులుతుంది’ అన్నాడు. సాయంత్రానికి నా దారి సగం ఆయన తోటలో ఉంది. వారం రోజులు నేను బంగాళాదుంప మడి తొక్కుకుంటూ నడిచాను, బొహుష్‌ని తిడుతూ.

కాయలు ముదిరి గోధుమరంగు తిరిగాయి. మూత కింద చిన్న చిన్న కిటికీలు తెరుచుకుంటాయిలే, అప్పుడు దులిపితే గింజ రాలుతుంది. ఒటకర్ నన్ను కేకేశాడు. ‘నువ్వు దులుపమ్మా, నా చెయ్యి రావట్లేదు’ అన్నాడు. ‘నేను దులపను, నీ లిబూషె, నీ పువ్వు’ అన్నాను. చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు. చివరికి ఒకటి తుంచి, ఎత్తి పట్టుకుని, తలకిందులు చేశాడు. నల్లటి నలుసులు, గాలికి ఎటు పోయాయో కూడా తెలీలేదు. ఖాళీ కాయ అలాగే పట్టుకుని, ‘ఆస్పత్రిలో ఆఖర్న ఇంటికి తీసుకుపొమ్మని బతిమాలింది యార్మిలా. కాసేపు తోటలో కూర్చుంటానంది. ఇక్కడుంటేనే బతుకుతావని నేను కదలనివ్వలేదు’ అన్నాడు. ఆయనే వంగి రెండో కాయ తుంచాడు. అదీ దులిపాడు. మూడోది...

...చినుకులు పడుతున్నాయే. నా బట్టలు!