శనివారం క్లాసులో మొదటి దొంగ

కాలేజీ గేటుకి ఎదురుగా ఉన్న టీకొట్టు అక్క తమ్ముడు జైలు నుంచి వచ్చి వారమైంది. ఇంట్లో ముసుగుతన్ని పడుకుంటున్నాడు, ఎవరితోనూ మాట్లాడడు. మళ్ళీ పాత స్నేహితుల దగ్గరికి పోతాడేమోనని ఆవిడ భయం. నేరశాస్త్రం ప్రొఫెసరుగారు శనివారాలు కమ్యూనిటీ హాల్లో ఇలాంటివాళ్ళకి క్లాసు పెడతారని విని, మా వాణ్ణి పంపమంటారా అని అడిగింది. అంతే, ఆయన గ్లాసు పక్కన పెట్టి అందుకున్నారు.

"పంపమంటారా అని అడుగుతావేంటమ్మా, నా సంగతి తెలీదా నీకు? పీహెచ్‌డీ చేసే రోజుల్లో జైలుకెళ్ళి నలభైమంది దొంగల్ని ప్రశ్నలడిగాను. మామూలుగా అయితే దొంగ నోరు విప్పడు. నా ముందు నలభైమందీ విప్పారు. చేసినవే కాదు, చెయ్యబోయేవి కూడా తారీఖులతో సహా చెప్పేశారు. ఆ థీసిస్‌ని ఒక దొంగ ఎత్తుకుపోయాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడో అధ్యాయం దాకా చదివి, ఏడ్చుకుంటూ తెచ్చిచ్చి, రెండు అచ్చుతప్పులు దిద్ది మరీ లొంగిపోయాడు."

"నాలుగో అధ్యాయం చదవలేదా సార్?" అన్నాడు పక్కనే టీ తాగుతున్న కాలేజీ లైబ్రేరియన్.

"అది జైల్లో చదివాడు, అడ్డురాకు. ఇక ఈ శనివారం క్లాసు. మొదటిరోజు హాల్లో నేనొక్కణ్ణే. చూద్దును కదా, తలుపు దగ్గర ఒకడు. భుజాన సంచి, అందులో ఉలి, సుత్తి, స్క్రూడ్రైవర్లు. కన్నమేసేవాడి సరంజామా నాకు తెలీదా? రా నాయనా అని ఒక్క చూపు చూశాను. ఆ చూపుకి వాడి కళ్ళవెంట నీళ్ళు ధారగా కారాయి. అదిగో, ఆ బెంచీ చివర టీ తాగుతున్నాడే, అతనే. నా మొదటి శిష్యుడు."

బెంచీ చివరి మనిషి తల దించుకుని టీ ఊదుకున్నాడు.

"అతన్ని చూసి పదిమంది, పదిమందిని చూసి వందమంది. హాలు చాలక ఆటస్థలానికి మార్చాను. జేబుదొంగలకి ముందు వరస, ఎందుకంటే వెనక కూర్చోబెడితే ముందున్నవాళ్ళకి కష్టం. ఆర్నెల్లు తిరక్కుండా ఊళ్ళో దొంగతనమన్నదే లేదు. పోలీసులు ఊసుపోక ఒకళ్ళనొకళ్ళు అరెస్టు చేసుకున్నారు. తాళాలమ్మేవాళ్ళు మా ఇంటిముందు ధర్నా చేశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేరాలే లేనప్పుడు నేరశాస్త్రం దేనికని మా డిపార్టుమెంటు మూసేస్తామన్నారు. శిష్యుల కాళ్ళావేళ్ళా పడ్డాను, సెమిస్టరుకి రెండు దొంగతనాలన్నా చెయ్యండిరా, పిల్లలకి పరీక్షలున్నాయని. ఒక్కడు ఒప్పుకుంటేనా! చివరికి నా స్కూటరు నేనే దొంగిలించి, నేనే ఫిర్యాదిచ్చి, నన్ను నేనే పోలీసులకి పట్టించాను."

అక్కకి స్కూటరు గొడవ పట్టలేదు. బెంచీ వైపు తిరిగింది.

"అన్నా, నువ్వు చెప్పు. నిజంగా అక్కడికెళ్ళాకే మారావా?"

బెంచీ చివరి మనిషి గ్లాసు కింద పెట్టాడు. "నేను వడ్రంగిని చెల్లెమ్మా. ఆ హాలు తలుపు సరిగ్గా పడట్లేదంటే బాగుచెయ్యడానికెళ్ళాను. కంట్లో చెక్కపొట్టు పడింది. సారు కూర్చోబెట్టి నా జీవితం గురించి అడగడం మొదలెట్టారు. పెద్దాయన, కాదనలేకపోయాను. క్లాసులో ఆ రోజూ నేనొక్కణ్ణే, ఈ రోజుకీ నేనొక్కణ్ణే."

లైబ్రేరియన్‌కి పొలమారింది. ప్రొఫెసరుగారు ఖాళీ గ్లాసు ఎత్తి తాగబోయారు.

"మరి ఆర్నెల్లుగా ఎందుకెళ్తున్నావు?" అంది అక్క.

"మా ఇంట్లో నేను నోరు తెరిస్తే అందరూ లేచిపోతారు. అక్కడ ఈయన మాట్లాడరమ్మా, వింటారు. రాసుకుంటారు కూడా."

అక్క ప్రొఫెసరుగారి గ్లాసు తీసుకుని మళ్ళీ నింపింది.

"అయితే ఈ శనివారం మా వాణ్ణి పంపిస్తాను సార్. అంత పెద్ద క్లాసన్నాక ఒక్క దొంగైనా ఉండాలి కదా."