గ్రహణం లెక్క తప్పిన ఏడు

"మామ్మా, ముత్తాతగారికి ఆ ఏడు శాలువా ఎందుకు రాలేదు?"

ఎవరు చెప్పేరే నీకు? మీ నాన్నా? వాడికి సగమే తెలుసు. ఉండు, ఇటు తిరిగి కూర్చోనీ. ఒకచోట కుదురుగా కూర్చుంటే నా నడుం ఊరుకోదు.

ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న రోజులవి. మాది రాజోలు వైపు. అమలాపురం దగ్గర ఓ జమీందారుగారు ఏటేటా సభ పెట్టి రెండు శాలువాలు కప్పేవారు. శాస్త్రానికొకటి, కవిత్వానికొకటి. కాశీ నుంచి, తంజావూరు నుంచి, ఎక్కడెక్కడివాళ్ళో వచ్చేవారు. ఆ వారం రోజులూ చుట్టుపక్కల అరటాకు దొరికేది కాదు. కొబ్బరికాయలంటావా, వాటికప్పుడు ధరేవిటి, అడిగినవాళ్ళకి ఊరికే ఇచ్చేవారు. ఏం చెబుతున్నాను... ఆఁ, శాలువా. ఆ ఏడు సూర్యగ్రహణం పడింది. అది పట్టేది ఏ ఘడియకో సరిగ్గా రాసిచ్చినవారికి శాస్త్రం శాలువా. ఘడియంటే తెలుసునా? అడుగున చిల్లున్న రాగిగిన్నె నీళ్ళమీద వదిలితే, అది మునగడానికి పట్టినంతసేపు.

మా నాన్నగారు పంచాంగం కట్టేవారు. అప్పటికి రెండేళ్ళయింది ఆయన కళ్ళకి పొరలు కమ్మి. మసగ్గా దారి కనపడేది గానీ అక్షరం ఆనేది కాదు. ఆ సంగతి మా గడప దాటలేదు. సూత్రాలన్నీ నోటికొచ్చు కదా, ఆయన చెబుతుంటే నేను చాపమీద గవ్వలు పేర్చేదాన్ని. ఒకట్లు ఓ వరస, పదులు ఓ వరస. నాకు పదమూడు... కాదు, పద్నాలుగు. పెళ్ళయింది గానీ ఇంకా కాపురానికి పంపలేదు. తాటాకుమీద ఘడియ కూడా నేనే రాసిచ్చేను. అది పట్టుకుని ఆయన ఊళ్ళోవాళ్ళతో సభకి వెళ్ళేరు.

మర్నాడు తోచక మళ్ళీ గవ్వలు పేర్చేను. రెండు ఘడియలు తేడా వచ్చింది. ఇంకోసారి చేసేను, మరోసారి చేసేను. పదుల వరసలో పెట్టాల్సిన గవ్వ ఒకట్లలో పెట్టేనన్నమాట ముందు. ఇంక కాలు నిలవలేదే నాకు. వీధి గుమ్మానికీ పెరట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. అన్నం ముందు కూర్చుని లేచిపోయేను. అమ్మ నిలేసి అడిగితే చెప్పేను, సభకి వెళ్ళి నాన్నగారితో చెప్పాలన్నాను.

"నువ్వు సభకెడితే, ఆడపిల్ల పంచాంగం లెక్కలు కడుతోందని మీ అత్తవారికి తెలియదూ? నీ కాపురం ఏం కావాలి?" అంది.

"నాన్నగారి మాటేం కావాలమ్మా?" అన్నాను.

అమ్మ పొయ్యిలో నిప్పు ఆర్పేసి, "పద, నేనూ వస్తాను" అంది.

వైనతేయ పాయ దాటాలి. పడవేమో అవతలొడ్డునుంది. నీళ్ళలోకి దిగిపోతానేమోనని అమ్మ నా చెయ్యి వదల్లేదు. అక్కణ్ణించి ఎడ్లబండి. ఆ ఎడ్లు నడుస్తున్నాయో నిలబడ్డాయో అన్నట్టుండేది నాకు. మర్నాడు పొద్దున్నే చేరేం. అదే గ్రహణం రోజు. లెక్కలు రాసిచ్చిన తాటాకులింకా విప్పలేదు. ఆడవాళ్ళు కూర్చున్న వైపు నుంచి పిలిస్తే, నా గొంతు పోల్చుకుని నాన్నగారు వచ్చేరు. లెక్క రెండు ఘడియలు తప్పిందని చెప్పేను.

"ఎన్నిసార్లు చూశావమ్మా?"

"మూడుసార్లండి. మూడుసార్లూ ఒకటే వచ్చింది."

ఆయన వెనక్కెళ్ళి సభలో నిలబడి చెప్పేరు. "అయ్యా, నేనిచ్చిన లెక్క తప్పండి. నాకు చూపు లేదు. గవ్వలు పేర్చేది మా అమ్మాయి, తప్పు పట్టుకున్నదీ అదే. రెండు ఘడియలు ఆలస్యంగా పడుతుంది గ్రహణం."

"ఇచ్చిన ఆకు మార్చే ఆచారం లేదండి శాస్త్రిగారూ" అన్నారు జమీందారుగారు.

"మార్చమనడం లేదండి. తెలిసీ ఊరుకోలేక చెప్పేను."

ఎవరో నవ్వేరు. నేను అమ్మ వెనక్కి దూరేను. ఆకులు విప్పి చదివేక అందరూ పేడనీళ్ళ పళ్ళేల్లో సూర్యుణ్ణి చూస్తున్నారు. మా ఆకులో రాసిన వేళ దాటిపోయింది, ఏమీ లేదు. తంజావూరు నుంచి వచ్చిన పండితుడొకాయన చెప్పిన వేళా దాటింది. మా ఆకు వేళ నుంచి గిన్నె రెండోసారి మునిగింది. అప్పుడు కనిపించిందే, సూర్యుడి అంచున చిన్న నలుపు. నాన్నగారికి కనపడదు కదా, అమ్మే ఆయన దగ్గరికెళ్ళి చెప్పింది.

శాలువా తంజావూరాయనకే కప్పేరు. ఆయన ఆకే దగ్గరగా ఉంది మరి. కవిత్వం శాలువా కాశీ నుంచి వచ్చినాయనకి. ఆ శ్లోకాలు మాకేం అర్థమవుతాయి గానీ, గొంతు బాగుంది.

అనుకున్నట్టే మా అత్తవారికి తెలిసింది. మూడు నెలలు కబురు లేదు. ఆఖరికి మావగారు వచ్చేరు. గుమ్మంలోనే నిలబడి, "లెక్క మూడుసార్లు చూసిందంటారు, ఈ పిల్లేనా?" అన్నారు.

"ఆయ్, ఇదేనండి" అన్నారు నాన్నగారు.

"వచ్చే గురువారం పంపండి" అన్నారు మావగారు, అంతే.

వెళ్ళేను గానీ అక్కడా మనసు నిలవలేదు. గవ్వలెవరు పేరుస్తారు, పంచాంగం ఆగిపోతుందే అని ఒకటే గుబులు. నాలుగు నెలలకి పుట్టింటికి పంపితే, మూట కూడా దించకుండా లోపలికి పరిగెత్తేను. చాపమీద నాన్నగారికి ఎదురుగా అమ్మ కూర్చునుంది. ముందు గవ్వలు. అమ్మకి అక్షరం రాదే. ఇన్నేళ్ళూ వంటింట్లోంచి వింటూనే ఉందన్నమాట. "అమ్మా" అన్నాను. తలెత్తలేదు.

"ఉండవే, వరస తప్పుతుంది" అంది.

ఇంకేముంది చెప్పడానికి... నూరేళ్ళూ నీ కళ్ళు చల్లగా ఉండాలి తల్లీ. ఏదీ, చెయ్యి ఇలా ఇయ్యి, లేవాలి.