కోసేసిన మట్టిగోడ

పురావస్తు తవ్వకం పక్కన వేసిన డేరాలో ప్రొఫెసర్ గారు టీ తాగుతున్నారు. ఆయన దగ్గర పరిశోధన చేస్తూ, సెలవు మీద ఊరెళ్లొచ్చిన విద్యార్థిని గుంతలకేసి ఒక్క చూపు చూసి, భుజాన సంచీ అయినా దించకుండా లోపలికొచ్చింది.

“గుంతల మధ్య వదిలిన మట్టిగోడ ఏది సార్?”

“కోయించేశానమ్మా. రేపు పెద్దలొస్తున్నారు. ఫొటోకి అడ్డంగా ఉంది.”

“అడ్డమా! ఇక్కడి పాత నగరం ఎప్పుడు కట్టారో, ఎప్పుడు కాలిందో పొరలు పొరలుగా చెప్పేది అదొక్కటే. మొదటి క్లాసులో మాకు నేర్పింది మీరే!”

“అరవకు. పొరల బొమ్మ గీశావుగా?”

“సగమే గీశాను. బూడిద పొర కింద ఏముందో చూడనేలేదు.”

“పక్క గుంత చూసి పూరించెయ్. ఇప్పుడెవరొచ్చి సరిచూస్తారు?”

“ఎవరూ చూడలేరు. నా ఏడుపు అదే!”

“చూడు తల్లీ, మీ ఇంట్లో ఇంత దూరం చదివింది నువ్వొక్కదానివే. థీసిస్ ఆగిపోతే మీ నాన్నకేం చెప్తావు?”

“మా నాన్నని మధ్యలోకి లాగకండి సార్. చూడనిది చూశానని నేను రాయను.”

“బొమ్మ సగం ఖాళీగా ఉంటే పరీక్షకులు అడగరూ?”

“అడగాలనే వదులుతున్నా. ఫొటో కోసం గోడ కోసేశారని ఆ ఖాళీలోనే రాస్తాను.”

“కోయించింది నేనని కూడా రాస్తావా?”

“అక్కర్లేదు సార్. మార్గదర్శకులుగా మీ పేరు అట్ట మీదే ఉంటుందిగా.”